గాలి బాగలేదన్నాను

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్ళుగా మోస్తున్నాను. చిన్నదే. చెప్పడానికి ఊపిరి పీల్చి వదిలినంత సేపు కూడా పట్టలేదు. కానీ అప్పటినుంచి అది నాతోనే ఉంది. కూర తరుగుతున్నా, ప్రార్థనలో మోకరించినా, పక్క ఫ్లాటావిడ పంపిన పులిహోర బాగుందని చెబుతున్నా. ఇది మొదలుపెడుతున్న ఈ రోజు వరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. పాస్టరు గారికి చెప్పలేదు. దేవుడికి చెప్పానా అంటే, చెప్పాననే అనుకుంటూ వచ్చాను. నిజానికి ఆయన దగ్గర కూడా "నా తప్పులన్నీ క్షమించు తండ్రీ" అని గంపగుత్తగా అడిగానే తప్ప, ఇదిగో ఈ తప్పు అని వేలు పెట్టి చూపించలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీ దగ్గర నోరు పెగులుతోంది.

నా పేరు రాయను. ఉండేది విశాఖపట్నంలో, సముద్రాన్ని ఆనుకుని పెరిగిన ఒక కాలనీలో. మేము ఇల్లు కొనేనాటికి ఇక్కడ సరుగుడు తోటలు, ఒక జాలరిపేట, ఇసుక తప్ప ఏమీ లేవు. ఇప్పుడు వరసగా అపార్టుమెంట్లు. తెల్లవారితే బూట్లేసుకుని నడిచే పెద్దమనుషులు, సాయంత్రమైతే ముంతమసాలా బళ్ళు, ఆదివారం వస్తే కారు పెట్టడానికి చోటు లేక తిట్టుకునే జనం. ఇక్కడ ఇనుము బతకదు. కిటికీ ఊచలు, గేటు గొళ్ళెం, ఫ్రిజ్ వెనకభాగం, అన్నీ తుప్పు పట్టి రాలిపోతాయి. ఉతికిన బట్టలు ఎంత ఎండినా జిడ్డుగానే ఉంటాయి. అయినా ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళు నేరుగా బాల్కనీలోకి వెళ్ళి, "అబ్బ, ఏం గాలండీ!" అంటారు. ఆ మాట వినగానే నాకు వంటింట్లో ఏదో పని గుర్తొస్తుంది.

ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. మా ఆయన పోయారు. మాకు పిల్లలు లేరు. పొద్దున పాలవాడితో ఒక మాట, సాయంత్రం లిఫ్టులో ఎవరైనా కనిపిస్తే ఒక మాట. కొన్ని రోజులు ఆ రెండు మాటలతోనే గడిచిపోతాయి. టీవీ పెట్టుకుంటాను, చూడడానికి కాదు, ఇంట్లో మనిషి గొంతు వినిపిస్తుందని.

నేను పుట్టింది గోదావరిఖనిలో. మా నాయిన బొగ్గు బాయి కార్మికుడు. భూమి లోపలికి దిగి బొగ్గు తవ్వే గనిని అక్కడ బాయి అంటారు. ఈ సంగతి ఈ కాలనీలో చాలా కాలం ఎవరికీ తెలియదు. మాది హైదరాబాదు అని చెప్పేదాన్ని. మీ నాన్నగారు ఏం చేసేవారని అడిగితే బొగ్గు కంపెనీలో ఆఫీసర్ అనేదాన్ని. ఎందుకలా చెప్పానో ఇప్పుడు తలచుకుంటే నాకే సిగ్గుగా ఉంది. ఎవరూ నన్ను గుచ్చి గుచ్చి అడగలేదు. ఒకసారి బ్యాంకులో, నేను అప్పట్లో బ్యాంకులో పనిచేసేదాన్ని, నోరు జారి "ఎట్ల" అన్నాను. పక్క సీటావిడ "ఎట్లా? అట్లా!" అని సరదాగా నవ్వింది. ఆవిడ ఆ సాయంత్రానికే మర్చిపోయి ఉంటుంది. నేను మాత్రం ఆ రోజునుంచి నా మాటను కడిగి ఆరేసుకోవడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకు నిజంగానే తెల్లబడింది. మా ఊరివాళ్ళతో మాట్లాడినా నా పాత మాట వెంటనే వచ్చేది కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నాను? అసలు సంగతికి రాకుండా చుట్టూ తిరుగుతున్నాను కాబట్టి.

నాకొక అన్న ఉండేవాడు. యాకోబు. నాకంటే బాగా పెద్దవాడు. నాయిన ఛాతీ పాడై కంపెనీ ఆయన్ను అన్‌ఫిట్ చేస్తే, ఆ ఉద్యోగం అన్నకు వచ్చింది. మా బొగ్గు ఊళ్ళలో అది మామూలే. తండ్రి పైకి వస్తే కొడుకు లోపలికి దిగుతాడు. అన్న అప్పుడే కాలేజీలో చేరి ఉన్నాడు. లెక్కలంటే ప్రాణం. పుస్తకాలు నా వైపు తోసి, టోపీ లైటు పెట్టుకుని దిగాడు. దాని గురించి ఒక్క నిష్ఠూరం మాట ఆయన నోట నేను ఎన్నడూ వినలేదు. వింటే బాగుండేదని ఇప్పుడనిపిస్తుంది. ఒక్కసారైనా "నీకోసం చదువు మానుకున్న" అని ఎత్తిపొడిచి ఉంటే, నేనూ ఒక మాట అని, తగవు పడి, తేలికయ్యేదాన్నేమో.

ఆయన చదివించాడు. నేను చదివాను. బ్యాంకు పరీక్ష రాశాను. పోర్టులో పనిచేసే మంచి మనిషిని పెళ్ళి చేసుకుని ఇటు వచ్చేశాను.

బాయిలో అన్న చేసేది గాలి పని. భూమి లోపలికి గాలి తనంతట తాను రాదు. పైన పెద్ద ఫ్యాను లాగుతుంది. లోపల దారి దారికీ పరదాలు కట్టి, ఆ గాలిని మనుషులు పనిచేసే చోటికి మలపాలి. జీవితమంతా అన్న ఆ పరదాలు కడుతూనే ఉన్నాడు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, మంచం మీద కూర్చుని నాకు బాయి కబుర్లు చెప్పేవాడు. అక్కడ ముందు నడిచినవాడు "గాలి బాగలేదు" అంటే వెనకున్నవాళ్ళు ఎందుకని అడగరాదట. ఎట్లా తెలిసిందని వాదించరాదట. అక్కడికక్కడే వెనక్కి తిరగాలి. బాయిలో ఆ ఒక్క మాట మీద ఎవరూ హాస్యమాడరు, ఎవరూ అబద్ధమాడరు. ఆఫీసరు చెప్పినా సరే, నిన్న చేరిన కుర్రాడు చెప్పినా సరే. ఈ సంగతి బొగ్గు బాయివాళ్ళ పిల్లలందరికీ తెలుసు. నాకూ తెలుసు. బాగా తెలుసు.

పెళ్ళయి వచ్చినప్పటినుంచీ నేను అన్నతో ఒకే మాట అంటూ వచ్చాను. "రిటైరైనంక మా ఇంటికి వచ్చెయ్యన్నా. సముద్రం గాలి పీల్చుకుంట కూసుందువు." వదిన పోయినప్పుడు అదే అన్నాను. మేనకోడలు ఎస్తేరును బసంత్‌నగర్‌లో సిమెంటు ఫ్యాక్టరీ డ్రైవరుకిచ్చి పెళ్ళి చేసినప్పుడూ అదే అన్నాను. అనేటప్పుడు నిజంగానే అన్నాను. అది కూడా మీరు నమ్మాలి.

అన్న రిటైరయ్యాడు. కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఊరి చివర, పైనుంచి తవ్వే ఓపెన్ కాస్టు గని పక్కన రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. మధ్యాహ్నం అక్కడ పేలుడు పెడితే ఇంట్లో గిన్నెలు కదులుతాయి. దండెం మీద తెల్ల బట్ట ఆరేస్తే తీసేసరికి బూడిదరంగు తేలుతుంది. అప్పటికే ఆయన ఛాతీ నాయిన ఛాతీలాగే కూస్తోంది. కూతురి దగ్గరకు పోదామంటే అక్కడ బొగ్గుకు బదులు సిమెంటు. ఎండాకాలం మొదలుకాగానే ఒక ట్రంకుపెట్టె, ఒక బైబిలు, నాకోసం సకినాల డబ్బా పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఉండిపోవడానికే వచ్చాడు. నేను పిలిచాను కాబట్టి వచ్చాడు.

వచ్చిన మొదటి రోజు సముద్రం ముందు నిలబడి ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాడు. తర్వాత, "గింత గాలి ఉట్టిగనే వస్తదా, ఫ్యాను లేకుంట!" అని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ రోజు నేను మంచిదాన్నే.

తర్వాత నాలుగైదు వారాలకే నాలో ఏదో మెల్లగా మారింది. దేనికని చెప్పను? మొదటి షిఫ్టుకు లేచే అలవాటు మానక చీకటితోనే లేచి దగ్గేవాడు. ఉమ్మడానికి ఒక పాత డబ్బా పెట్టుకున్నాడు. లుంగీ మీదే కిందికి దిగి, వాచ్‌మన్‌తో, జాలర్లతో, లిఫ్టు బాగుచేయడానికి వచ్చినవాడితో కూడా కబుర్లు. "మా నాయిన బాయిల పన్జేసిండు, నేను గూడ బాయిలనే" అని అందరికీ చెప్పేవాడు. దాయాలని ఆయనకు తోచనే తోచలేదు. మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే "బావగారేరీ?" అని అడిగేవారు. ఇద్దరూ బీచిలో కూర్చుని చీకటి పడేదాకా వచ్చేవారు కాదు. నా ఇంట్లో నా మొగుడు నన్ను కాక నా అన్నను వెతుక్కుంటున్నాడని నాకు ఉక్రోషం. చెప్పుకుంటే నవ్వుతారు. కానీ ఉక్రోషమే.

ఒక సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన పెట్టుకున్నాం. మా సంఘంలో ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చు. దేవుడు మన బతుకులో ఏం చేశాడో నలుగురి ముందు చెప్పుకోవడం. ఆ రోజు అన్న లేచాడు. నాయిన తాగి కల్లు దుకాణం దగ్గర పడిపోతే అన్నాచెల్లెళ్ళం చెరో రెక్క పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చిన సంగతి చెప్పాడు. నాకు చెప్పుల్లేక ఎండలో గోనెపట్టా ముక్కల మీద కాళ్ళు పెట్టుకుంటూ బడికి పోయిన సంగతి చెప్పాడు. "గసొంటి పిల్ల ఇయ్యాల బ్యాంకుల ఆఫీసరమ్మ అయింది, దేవునికి స్తోత్రం" అని కళ్ళు తుడుచుకున్నాడు. గదిలో ఉన్న రిటైర్డ్ ప్రొఫెసర్లు, ఇంజినీర్లు అందరూ కళ్ళు తుడుచుకున్నారు. పై అంతస్తు ఆంటీ నన్ను కావలించుకుని, "ఎంత గొప్ప అన్నయ్యండీ! మీరెప్పుడూ చెప్పలేదేంటండీ?" అంది. ఎవరూ నన్ను చులకన చేయలేదు. ఆఫీసర్ కూతురినన్న మాట ఎవరూ ఎత్తలేదు. అయినా నాకు అందరి ముందూ తల కొట్టేసినట్టయింది. ఆవిడ ప్రేమగా అడిగిన ఆ ప్రశ్నే నాకు చెంపదెబ్బ.

పరువు కోసమే చేశానా? అలా అని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. పరువు కోసం చేసిన తప్పుకు లోకంలో కాస్త జాలి దొరుకుతుంది. కానీ లోపలికి తవ్వుకుంటూ పోతే అడుగున వేరేది ఉంది. ఆయన్ను రోజూ చూడలేకపోయాను. ఎవరి చదువు తిని నేను పెద్దదాన్నయ్యానో ఆ మనిషి నా బల్ల దగ్గర కూర్చుని, నేను వడ్డించిన అన్నం తింటూ, "చాలు చెల్లె, నువ్వు తిను" అంటుంటే నాకు ఊపిరాడేది కాదు. దూరంగా ఉన్నప్పుడు ఆయన మీద నాకు బోలెడు ప్రేమ. ఎదురుగా ఉంటే మాత్రం నేను ఎప్పటికీ చిన్నదాన్నే, ఎప్పటికీ తీసుకున్నదాన్నే.

ఆ తర్వాతి వారం దగ్గు ఎక్కువైతే ఛాతీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. అన్నను ఎక్స్‌రేకు పంపి, డాక్టరు నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి చెప్పాడు. కాస్త వయసు మళ్ళినవాడు, నెమ్మదస్తుడు. లోపల చేరిన దుమ్మును తీయలేమన్నాడు. కానీ కొత్త దుమ్ము పోకుండా చూడగలమన్నాడు. "ఆయన్ని వెనక్కి పంపకండమ్మా. అక్కడ ఉంటే ఏ మందూ పనిచెయ్యదు. ఇక్కడే మీ దగ్గరే ఉంచుకోండి, రోజూ కాస్త నడిపించండి. ఇక్కడి గాలికి చాలా తేరుకుంటారు." నేను తల ఊపాను. చీటీ తీసుకున్నాను. బయట అన్న బెంచీ మీద ఒదిగి కూర్చుని ఉన్నాడు, పక్కవాళ్ళకు తన దగ్గు తగలకుండా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. ఏమన్నాడని అడగలేదు. దారిలో కూడా అడగలేదు. నేనే చెబుతానని ఊరుకున్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన ఇంకా రాలేదు. అన్న, నేను బీచి గోడ మీద కూర్చున్నాం. గాలి జోరుగా ఉంది. నా కొంగు నిలవడం లేదు. అప్పుడు చెప్పాను. ఇంకొక సంగతి దాచకూడదు. అన్నాళ్ళూ ఇంట్లో ఆయనతో కూడా కడిగిన మాటే మాట్లాడిన నేను, ఆ సాయంత్రం మా ఊరి మాటలో మాట్లాడాను. నమ్మించడానికి అదే బాగుంటుందని నాకు తెలిసిపోయింది.

"అన్నా, డాక్టరు ఒక మాట చెప్పిండు."

"ఏమన్నడు చెల్లె?"

"ఈడ గాలి నీకు బాగలేదట."

ఆయన సముద్రం వైపు చూశాడు. "గింత సక్కటి గాలి... బాగలేదా?"

"ఉప్పు గాలి గదన్నా. బొగ్గు పట్టిన ఛాతికి పడదట. ఈడనే ఉంటే ఇంక ఖరాబయితదన్నడు."

అడుగుతాడనుకున్నాను. ఇంకో డాక్టరుకు చూపిద్దామంటాడేమో, సరేనంటాను, అంతటితో పోతుంది అనుకున్నాను. అవును, ఆయన వాదిస్తే నేను లొంగిపోదామనే కూర్చున్నాను.

"నీ చెవులతోని విన్నవా?" అన్నాడు.

"విన్న."

"గట్లయితే ఇగ అడిగేదేమున్నది. గాలి బాగలేదన్నంక మర్లుడే." లేచి లుంగీకి అంటిన ఇసుక దులుపుకున్నాడు. రెండడుగులు వేసి ఆగి, నా వైపు తిరిగి, "మరి మీకెట్ల? నువ్వు, బావ ఈడనే ఉంటరాయె. మీ ఛాతికేం గాదు గద?" అన్నాడు.

"మాకేం కాదన్నా" అన్నాను.

"ఇగ నాకు ఫికర్ లేదు" అన్నాడు.

ఆ వారంలోనే రైలెక్కించాం. డాక్టరు మాట మా ఆయనకు కూడా అదే చెప్పాను. ఆయన నమ్మలేక, ఇంకెవరికైనా చూపిద్దామని గట్టిగానే పట్టుబట్టారు. ఆయన్ను నేను కసురుకున్నాను. మా అన్న ఆరోగ్యంతో పందాలాడతారా అన్నాను! ఎంత నంగనాచి మాట. స్టేషనులో అన్న కిటికీ ఊచల్లోంచి చెయ్యి పెట్టి నా తల నిమిరాడు. ఇంటికొచ్చి, ఆయన పడుకున్న గది దుప్పట్లు ఉతికి, కిటికీలు తెరిచి, కాఫీ పెట్టుకుని తాగాను. హాయిగా ఉండింది. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం నాకు చాలా హాయిగా ఉండింది.

అన్న ఎక్కువ కాలం బతకలేదు. ఎండాకాలాల్లో మంచం పట్టేవాడు, వానలకు లేచేవాడు. ఒక ఎండాకాలం లేవలేదు. నేను వెళ్ళేసరికి పెట్టెలో పడుకోబెట్టారు. ఎస్తేరు నా మెడ పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అది నటన కాదు. కానీ దాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

సమాధి దగ్గర అన్నతో పనిచేసిన మల్లయ్యన్న నా దగ్గరకు వచ్చాడు. కర్ర ఊతంగా పట్టుకుని, రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటూ. కాకినాడలో ఆయన కూతురుంది.

"మీ అన్న పున్నెమాయె చెల్లె. మా బిడ్డ సముద్రం కాడికి రమ్మని ఒక్కతీరుగ పిలిసింది. మూట గూడ కట్టుకున్న. యాకోబు ఉరికొచ్చి చెప్పిండు, 'పోకురా, ఆడి గాలి మన ఛాతికి పడదు, మా చెల్లెకు పెద్ద డాక్టరే చెప్పిండు' అని. అందరికి చెప్పిండు. మా బాయి దోస్తులు ఒక్కలను ఇడిసిపెట్టలే."

అప్పుడు గుర్తొచ్చింది. చిన్నప్పుడు మంచం మీద కూర్చుని అన్న చెప్పినదాంట్లో ఇంకో సగం ఉంది. వెనక్కి మర్లినవాడు ఊరికే వెళ్ళిపోకూడదు. ఎదురొచ్చే ప్రతి మనిషినీ ఆపి, గాలి బాగలేదని చెప్పి వెనక్కి తిప్పాలి. చెప్పకుండా పోతే వాడి ప్రాణం వీడి మెడకు చుట్టుకుంటుంది. నేను మొదటి సగం వాడుకుని రెండో సగం మర్చిపోయాను. అన్న మర్చిపోలేదు. ఊపిరి చాలని ఛాతీతో ఇంటింటికీ తిరిగి, నా అబద్ధాన్ని అందరికీ క్షేమం మాటగా పంచాడు.

అక్కడే, ఆ మట్టికుప్ప పక్కనే చెప్పేసి ఉండవచ్చు. మల్లయ్యన్న నా ముఖంలోకి చూస్తూ, "నిజమే గద చెల్లె?" అన్నాడు. అనుమానంతో కాదు, ఊరికే మాటవరసకు. చుట్టూ మనుషులున్నారు. ఎస్తేరు ఉంది. మా ఆయన ఉన్నారు.

"నిజమే అన్నా" అన్నాను.

ఏది పెద్ద తప్పో మీరే చెప్పండి. గోడ మీద కూర్చుని చెప్పినదా, సమాధి పక్కన చెప్పినదా? మొదటిది చెప్పేటప్పుడు దాని ఖరీదు నాకు తెలియదని బుకాయించవచ్చు. రెండోసారి అన్నీ తెలుసు. తర్వాతి సంవత్సరం మల్లయ్యన్న కూడా పోయాడని ఎస్తేరు ఫోనులో చెప్పింది, మధ్యలో ఏదో మాట చెబుతూ. కాకినాడ వెళ్ళుంటే బతికేవాడా? తెలియదు. ఇక్కడే ఉంటే అన్న బతికేవాడా? అదీ తెలియదు. ఈ 'తెలియదు' అనే మాట చాటున ఎంతకాలం దాక్కున్నానో చెప్పలేను. బతకడం సంగతి అలా ఉంచండి. ఊపిరి తేలిగ్గా ఆడే కొన్ని ఉదయాలు ఆయనకు దొరికేవి. అవి మాత్రం ఖాయం. వాటిని నేను తీసేసుకున్నాను.

మా ఆయన జబ్బు పడ్డాక, చివరి రోజుల్లో బాల్కనీలో కూర్చుని, "యాకోబు బావ ఉండుంటే బాగుండేది, నాకు తోడుండేవాడు" అన్నారు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. పోయే మనిషికి ఎందుకు బాధ అని సర్దిచెప్పుకున్నాను. నాకు సర్దిచెప్పుకోవడం బాగా వచ్చు.

ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వారం ఎస్తేరు ఫోన్ చేసింది. దాని మొగుడికి ఛాతీ పట్టేసిందట. సిమెంటు దుమ్ము. డాక్టరు కొన్నాళ్ళు దుమ్ము లేని చోటికి తీసుకెళ్ళమన్నాడట. "నువ్వు ఒక్కదానివే ఉంటున్నవ్ గదత్తా, నీ కాడికి వద్దామని ఆశపడ్డ. కని నాయిన చెప్పిండు గద సముద్రం గాలి గురించి. అందుకె అడుగుతలేను" అంది. నన్ను నొప్పించకూడదని ఎంత మెత్తగా చెప్పిందో. నేను "సరే బిడ్డా" అని ఫోన్ పెట్టేశాను. మూడు గదులున్న ఇల్లు. ఒక గదిలో పాత పేపర్లు పెట్టుకున్నాను. ఎవరైనా వస్తే బాగుండునని దారి చూస్తూ కూర్చునేదాన్ని, వద్దామనుకున్నవాళ్ళను నా పాత మాటే ఆపేసింది. వాళ్ళు రావాలంటే ఆ మాట నేనే వెనక్కి తీసుకోవాలి. తీసుకుంటే, నిజం తెలిశాక నా గడప ఎవరు తొక్కుతారు?

ఇక్కడిదాకా రాసి ఆపేశాను. నిన్న పొద్దున మళ్ళీ చదువుకున్నాను. ఎవరో ముక్కూమొహం తెలియని మీకు ఇంత చెప్పుకుని, ఎస్తేరుకు చెప్పకపోతే ఇది కూడా ఒక దొంగపనే అనిపించింది. ఫోన్ చేశాను. మంచీచెడూ అడగలేదు. అడిగితే మళ్ళీ చెప్పలేనని భయం.

"ఎస్తేరూ, సముద్రం గాలి సంగతి అబద్ధం. ఏ డాక్టరు చెప్పలేదు. నేనే కల్పించిన, మీ నాయినను పంపించాలని."

అవతల ఎక్కడో లారీ హారను మోగింది. ఎందుకని అడుగుతుందనుకుని జవాబులు వెతుక్కుంటున్నాను. అది అడగలేదు.

"నాయినకు ఎరుకేనా?" అంది.

"ఎరుక లేదు బిడ్డా. నమ్మిండు."

"పొయ్యి మీద అన్నమున్నది" అని పెట్టేసింది.

తర్వాత ఫోన్ రాలేదు. నేనూ మళ్ళీ చేయలేదు. రమ్మని అడిగే ముఖం లేదు. అది కనీసం మొగుణ్ణి తీసుకుని ఇంకే సముద్రం ఒడ్డుకైనా వెళితే చాలు. నా ఇంటికే రానక్కర్లేదు. పేపర్ల గది ఖాళీ చేసి తుడిచాను, అదీ ఎందుకో తెలియదు. క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. క్షమించాల్సిన అన్న, మల్లయ్యన్న ఇద్దరూ మట్టిలో ఉన్నారు. మీరు ఏమనుకున్నా అనుకోండి. ఈ పూట మాత్రం కంచంలో పెట్టుకున్న అన్నం మొత్తం తిన్నాను. అంతవరకే.

మీలో ఎవరైనా బొగ్గు బాయిల వైపువాళ్ళుంటే, ఒక్క పని చేసిపెట్టండి. సముద్రపు గాలి మన ఛాతికి పడదనే మాట అక్కడ ఎవరి నోటనైనా వినబడితే, యాకోబు చెప్పాడని వాళ్ళంటే, ఆయనకు చెప్పింది చెల్లెలని చెప్పండి. డాక్టరు ఉంచుకోమన్నాడనీ, చెల్లెలు పంపేసిందనీ చెప్పండి.